అన్న బొట్టు పెట్టిన బండలు

హొసతోట స్టేషన్, బెంగుళూరు
1936 ఆగస్టు 9

అన్న పెద్దతిమ్మప్పకు తమ్ముడు కాటప్ప దండాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ వదినా ఎట్లా ఉన్నారో నువ్వు రాస్తే తప్ప నాకు తెలిసే దారి లేదు. ఉగాదికి నేనిక్కడికి వచ్చినప్పటి నుంచి నాలుగు ఉత్తరాలు రాస్తే నువ్వు ఒక్కటి రాశావు. అందులోనూ బండల కొలతలే ఉన్నాయి.

హిందూపురంలో గూడ్సుకెక్కించిన బండలు నాలుగో విడత కూడా చేరాయి. విడతకు ఎనిమిది చొప్పున ముప్పై రెండు. ఇంకా పదహారు రావాలి. అవి ఎక్కడికి పోతున్నాయో నువ్వు అడగలేదు గానీ, నేను చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడ స్టేషనే లేదట. ఇంజను నీళ్లు తాగడానికి ఒక తొట్టి మాత్రం ఉండేదట. రైలు ఆగిన ఆ పది నిమిషాల్లో తోటలవాళ్లు కూరగాయల గంపలతో ఎక్కేసేవారు, గార్డు తిట్టుకుంటూ టికెట్లు ఇచ్చేవాడు. తర్వాత ఎప్పుడో ఒక మట్టిదిబ్బ వేశారు. ఇప్పుడు పక్కన నూలు మిల్లు వచ్చింది. పేటలో ఆఫీసులకు పోయే గుమాస్తాలు ఇటు ఇళ్లు కట్టుకున్నారు. పొద్దున ఒక లోకల్, సాయంత్రం ఒక లోకల్. మూడు నాలుగు వందల మంది ఒక్కసారిగా వచ్చి నిలబడతారు. మనూరి దేవుడి పరసకు కూడా అంత గుంపు చేరదు.

ఇంజనీరు గీసిన పటం నాకు చూపించారు. ప్లాట్‌ఫారం పట్టాల వైపు కాకుండా వెనక్కి వాలుగా ఉండాలట. సామాన్ల బండి చేయి జారి దొర్లినా పట్టాల మీద పడదు. అంచు రాళ్లు జానెడు ముందుకు పొడుచుకు రావాలట. టికెట్ల కిటికీ మొదట నా గడ్డం ఎత్తున గీశారు. మిల్లు ఆడవాళ్లకు అందదని నేను ఓవర్సియర్‌తో అంటే ఒక జానెడు దించారు. ఈ స్టేషనులో నా మాట కూడా ఒకటి ఉందని నువ్వు తెలుసుకో. మూడో తరగతివాళ్ల చావడికి రేకులు వేద్దామని మొదట అనుకున్నారట. వాన పడితే ఆ మోతలో ఏ ఊరికి టికెట్టో గుమాస్తాకు వినపడదని మానుకుని, బండల కప్పు అన్నారు. రెండు వరుసల రాతి కూసాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా మన తొమ్మిదడుగుల బండలు.

మొన్న ఓవర్సియర్ అడిగాడు, సుత్తితో తట్టి మోత వినకుండానే ఎక్కిస్తున్నావేమిటని. మా అన్న తట్టి సున్నపుబొట్టు పెట్టాడు, పెద్దవాడి బొట్టు పడిన బండను మా ఇంట్లో చిన్నవాడు మళ్లీ తట్టడు, అది పెద్దవాడి చెవిని అనుమానించినట్టు అవుతుంది అని చెప్పాను. "మీ అన్నేం దేవుడా?" అని నవ్వాడు. నాయన ఉన్నన్నాళ్లూ నువ్వు కూడా తట్టలేదు కదా.

అయినా ఒక దిగులు నన్ను తొలుస్తోంది. ఇంటి కప్పు పక్కన రైలు పోదు. ఇక్కడ రైలు వచ్చినప్పుడల్లా కూసాలు అదిరేది నా కాళ్లకు తెలుస్తోంది. మన బండలు దీన్ని ఓర్చుకుంటాయా? నువ్వు ఒక్క మాట రాస్తే నాకు నిద్ర పడుతుంది.

కాటప్ప


మంగళవాడ, పావగడ తాలూకా
1936 ఆగస్టు 21

తమ్ముడు కాటప్పకు పెద్దతిమ్మప్ప ఆశీర్వాదం.

ఉత్తరం అందింది. టపా మనిషి రెండు రోజులు వాకిట్లో పిలిచి పిలిచి వెళ్లిపోయాడట. నేను పెరట్లో పనిలో ఉండి చూసుకోలేదు. మూడో రోజు మీ వదిన తీసుకుంది.

దూలం మీద బండ జానెడుకు తక్కువ కూర్చోకూడదు. రెండు బండల మధ్య వేలు దూరేంత సందు వదులు. అదురు ఉన్నచోట రాయికి కదలడానికి చోటు కావాలి. పైన గచ్చు వేసేటప్పుడు ఆ సందులో సున్నం నింపుకోవచ్చు. ఇంజనీరు పటంలో ఇది ఉందో లేదో నాకు తెలియదు, నువ్వు మాత్రం చెయ్యి.

ఓవర్సియర్ నవ్వితే నవ్వనీ. నలభై ఏళ్లు కొండ మీద మంట పెట్టి బండ లేపినవాణ్ణి. పొర ఎక్కడిదాకా విడిందో చెవితోనే తెలుసుకున్నాను. ఖంగుమంటే బండ, బొద్దుమంటే కంకర. నా బొట్టు పడిన బండ కింద పావగడ తాలూకాలో ఎన్ని ఇళ్లవాళ్లు పడుకుంటున్నారో ఆయన వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

మీ వదిన తల్లికి ఒంట్లో బాగాలేదు. పుట్టింటికి తిరుమణి పోతానంటోంది. ఆరో విడత పంపినాక పొమ్మన్నాను. ఊరికే దిగులు పడకు.

పెద్దతిమ్మప్ప


హొసతోట స్టేషన్
1936 అక్టోబరు 4

అన్నకు కాటప్ప దండాలు.

నలభై ఎనిమిది బండలూ కప్పుకెక్కాయి. నువ్వు చెప్పినట్టే వేలి సందు వదిలాను. డిసెంబరు ఒకటిన స్టేషను తెరుస్తారట. కానీ జనం అంతవరకు ఆగడం లేదు. ఎండ పడని చోటు కనపడగానే అందరూ దాని కిందికి చేరారు. మిల్లు ఆడవాళ్లైతే మూట గోడకు ఆనించి, సరిగ్గా చావడి ఒక చివరనే నిలబడతారు. మిల్లు గేటు అటువైపే ఉంది.

ఇప్పుడు రాసేది నువ్వు కోపం తెచ్చుకోకుండా చదవాలి. మొన్న నలభై మూడో బండ మీద నిలబడి సందు సరిచేస్తుంటే నా చేతిలోని తాపీ జారి పడింది. నేను తట్టలేదన్నా. జారింది. బొద్దుమంది.

పక్క బండ మీద నా అంతట నేనే తాపీ జార్చి చూద్దామనుకున్నాను. చేయి పైకెత్తాను కూడా. జార్చడమూ తట్టడమూ ఒకటే కదా అనిపించి దించేశాను. కింద ఆడవాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ల నవ్వు వింటుంటే నాకు భయం వేసింది.

ఒక్కసారి తట్టడానికి నువ్వు సెలవివ్వాలి. ఆ ఒక్క బండనే తడతాను. ఎవరికీ చెప్పను.

కాటప్ప


మంగళవాడ
1936 అక్టోబరు 13

కాటప్పకు.

తాపీ రాయి మీద పడితే ఖంగుమంటుందని నీకు ఎవరు చెప్పారు? సుత్తితో తట్టడం వేరు, చేతకాని చేతిలోంచి ఇనుము జారడం వేరు. దూలం మీద సున్నం పచ్చిగా ఉన్నా బండ మూగగానే ఉంటుంది. పదేళ్లు నా దగ్గర నేర్చుకున్నవాడివి ఈ మాత్రం తెలియదా?

సెలవివ్వను. నాయన తట్టిన బండను నేను తట్టలేదు, నేను తట్టినదాన్ని నువ్వు తట్టవు. తట్టదలుచుకుంటే తట్టుకో, ఆ తర్వాత నాకు ఉత్తరం రాయొద్దు.

ఆ నలభై మూడోది ఏ విడతలో వచ్చిందో మాత్రం రాయి.

పెద్దతిమ్మప్ప


హొసతోట స్టేషన్
1936 అక్టోబరు 22

అన్నకు కాటప్ప దండాలు.

తట్టలేదు. కాబట్టి ఉత్తరం రాయవచ్చనుకుంటాను.

ఆ బండ ఆరో విడతలో వచ్చింది. నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా వరుసగా ఆ విడతే. ఆ ఎనిమిదీ మిల్లు వైపు కొసన ఉన్నాయి. తాళ్లు కట్టి ఆ చోటు మూశాను, కింద సున్నం ఆరలేదని అబద్ధం చెప్పాను. వాన పడగానే జనం తాళ్లు పైకెత్తి లోపలికి వచ్చేశారు. ఇప్పుడు నేను చేస్తున్న పని చెబితే నువ్వు నవ్వుతావో తిడతావో తెలియదు. పొద్దునా సాయంత్రం లోకల్ వచ్చే వేళకు పోయి నేనే నలభై మూడో బండ కింద నిలబడుతున్నాను. నేను నిలబడితే ఆ చోటు ఇంకొకరికి దొరకదు కదా. రైలు వచ్చి ఆగి పోయేదాకా నా కళ్లు పైనే ఉంటాయి. వారం నుంచి ఇదే పని. మెడ నొప్పి పుట్టింది.

సోమవారం గచ్చు మొదలుపెట్టమని ఓవర్సియర్ అన్నాడు. ఇసుక మంచిది రాలేదని చెప్పి నవంబరు ఆరుదాకా ఆపాను. ఇంతకంటే ఆపలేను. గచ్చు పడిందంటే ఆ పైన ఏ బండ ఎట్లా ఉందో ఎవరి చెవికీ తెలియదు.

ఇంకొక సంగతి. మన బండ్లు తోలే హనుమప్ప చెల్లెలింటికి వచ్చి నన్ను చూసి పోయాడు. నేనేమీ అడగలేదు. ఆయనే చెప్పాడు. "మీ అన్నను ఎనకనుంచి ఎంత పిలిచినా తిరిగి సూడడప్పా. నా మీద కోపమొచ్చినాదేమో అనుకుంటి. మొన్న ఎద్దు బెదిరి మీదికి వస్తా ఉండాది, కేక పెట్టినా కదల్లేదు. మీ వదిన ఆంజినమ్మ పరిగెత్తుకోని వచ్చి చెయ్యి పట్టి లాగినాది" అన్నాడు.

అన్నా, నీకు వినపడుతోందా?

ఇంత పెద్ద మాట ఉత్తరంలో అడిగినందుకు క్షమించు. ఎదురుగా ఉంటే అడగలేను.

కాటప్ప


మంగళవాడ
1936 అక్టోబరు 27

తమ్ముడు కాటప్పకు.

వినపడదు.

ఎండాకాలంలో తిరుమణిలో మీ వదిన పుట్టింటివాళ్లు బావి తవ్వుతుంటే అడుగున బండ తగిలింది. మందు పెట్టి పేల్చడానికి నన్ను పిలిచారు. ఒకటి పేలలేదనుకుని దిగాను. నేను మెట్ల మీద ఉండగానే పేలింది. దెబ్బ ఏమీ తగల్లేదు. అందరూ అదృష్టవంతుడివి అన్నారట. వాళ్ల నోళ్లు కదలడం చూశాను, అంతే. అప్పటినుంచి తలలో ఒక హోరు తప్ప ఇంకేమీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన బండపనివాణ్ణి ఎవరు పిలుస్తారు? మీ వదిన ఒక్కదానికే తెలుసు. బండలు పెరట్లోకి చేరినాక నేను తడతాను. ఆమె అవతల చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నట్టు కూర్చుంటుంది. బాగుంటే ఏరుతూనే ఉంటుంది. బాగాలేకపోతే చేట కింద పెడుతుంది. పనివాళ్లెవరికీ తెలియలేదు. అయిదు విడతలూ అట్లానే పంపాను. అవి మంచి బండలు, నీకు భయం వద్దు. బొట్టు నాదే గానీ చెవి ఆమెది.

ఆరో విడత నాడు ఆమె లేదు. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే పోయింది. హిందూపురంలో గూడ్సు పెట్టె తేదీ మారదన్నారు. నేను అరచెయ్యి ఆనించి తట్టాను. మంచి బండ చేతికి జువ్వుమంటుంది. ఎనిమిదీ జువ్వుమన్నట్టే అనిపించింది. అనిపించాలని కోరుకుంటే అనిపిస్తుంది. బొట్టు పెట్టి పంపాను.

నువ్వు తాపీ పడిన సంగతి రాసిన రోజే నాకు తెలిసింది. తెలిసీ నిన్ను తిట్టి రాశాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చినాక అన్నం సయించలేదు. నువ్వు ఆ బండ కింద నిలబడుతున్నావని చదివి, ఉత్తరం పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. మీ వదిన ఏమైందని అడిగితే ఉత్తరం చూపించాను. ఆమెకు చదువు రాదన్నది కూడా ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఇక ఆ కింద నిలబడొద్దు. ఎవరినీ నిలబడనీయొద్దు. ఓవర్సియర్‌కు ఉన్నదున్నట్టు చెప్పు, నా పేరే చెప్పు. హనుమప్పను తోడిచ్చి మీ వదినను పంపుతున్నాను. ఈ ఉత్తరం వెనకే వస్తుంది. ఆ ఎనిమిదింటినీ ఆమె ముందర తట్టించు. ఆమె వద్దన్నది దించెయ్యి, నన్ను అడగొద్దు.

నేను రావడం లేదు. వచ్చి ఏం వింటాను?

పెద్దతిమ్మప్ప


హొసతోట స్టేషన్
1936 నవంబరు 8

అన్నకు కాటప్ప దండాలు.

వదిన నాలుగో తేదీన దిగింది. ఇనుప చక్రాల మోతకు తల దిమ్మెక్కింది, ఒక రోజు పడుకుంటే గానీ రాయి మాట వినపడదు అంది. అయిదో తేదీ పొద్దున లోకల్ పోయినాక నిచ్చెన వేశాను.

ఉన్నదంతా ఓవర్సియర్‌కు ముందే చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత వదినను చూసి ఈమెకు ఏం తెలుసన్నాడు. వదిన కొంగు నడుముకు దోపుకుంటూ, "మీకు తెలిసినంత తెలీదులే సామీ. రాయి సంగతి మాత్రం రవంత తెలుసు" అంది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

నన్ను తట్టమంది. నా చేయి లేవలేదన్నా. నీ బొట్టు కనపడుతోంది. ఆమె నా చేతిలోని సుత్తి తీసుకుని తానే తట్టింది. నలభై ఒకటి, నలభై రెండు బాగున్నాయి. నలభై మూడు దగ్గర నాకు కూడా తెలిసింది. నలభై నాలుగు బాగుంది. నలభై అయిదు బొద్దుమంది. నలభై ఆరు, నలభై ఎనిమిది బాగున్నాయి. నలభై ఏడు కూడా పోయింది. "ఈ మూడూ దించు కాటప్పా. ఆయన అరచెయ్యి అబద్ధం చెప్పినాది" అంది. చెప్పి ఏడ్చింది. నీ మీద కోపంతో కాదు. ఆ రోజు తాను తిరుమణి పోకుండా ఉంటే సరిపోయేదని రెండు మూడుసార్లు అంది.

నలభై మూడో బండను తాళ్లతో దించుతుంటే ఒక కొన నేలకు తగిలిందో లేదో, నడిమికి విరిగిపోయింది. సాయంత్రం లోకల్‌కు మిల్లువాళ్లు వచ్చే వేళ అది. ఈరక్క అని ఒకామె ఉంది, రోజూ ఆ చివరనే నిలబడుతుంది. ఆ ముక్కల దగ్గరికి వచ్చి చూసి, "ఇదేనా, నెలనుంచి మా నెత్తి మీద ఉండింది?" అని అడిగింది. అవునన్నాను. ఆమె మూట ఎత్తుకుని రైలెక్కింది.

అన్నా, నువ్వు దాచినదాన్ని నేను తప్పు పట్టను. కానీ నాకు చెవులున్నాయి. మొదటి రోజే తట్టి ఉండవచ్చు. నీ మాట దాటితే ఏమవుతుందోనన్న భయమే నాకు ఎక్కువైంది, ఈరక్కలాంటివాళ్ల తలలు తక్కువైపోయాయి. ఇది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

వచ్చే స్టేషను పని నాకు ఇవ్వనని ఓవర్సియర్ చెప్పేశాడు. ఆయన తప్పేమీ లేదు. ఈ మూడు బండలు కూడా ఇంకొక చోటినుంచి తెప్పిస్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చివరికి గచ్చు ఆపించి, ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాడు. మంగళవాడనుంచి వచ్చే ప్రతి బండనూ తన ఎదుట నేను తట్టి చూపించాలట. నీ బొట్టు ఉన్న బండను నేనెట్లా తట్టేది? ఏం చేయమంటావో నువ్వే రాయి. తెరిచే రోజుకు ఇంకా మూడు వారాలే ఉంది.

వదిన రేపు బయలుదేరుతుంది.

కాటప్ప


మంగళవాడ
1936 నవంబరు 19

తమ్ముడు కాటప్పకు ఆశీర్వాదం.

మీ వదిన చేరింది. అక్కడ జరిగిందంతా చేతులతో, మొహంతో చెప్పింది. చెప్పలేనిది నీ ఉత్తరంలో చదువుకున్నాను. ఈరక్క అడిగిన మాట రెండుసార్లు చదివాను. నీ చేత ఆ జవాబు చెప్పించినవాణ్ణి నేనే. ఆమె కనపడితే నా పేరు చెప్పి క్షమించమను. క్షమించకపోయినా సరే, నా పేరు మాత్రం చెప్పు.

కొండ మీద పనివాళ్లందరినీ పిలిచి నాకు వినపడదని చెప్పాను. ఇద్దరు ఆ రోజే మానేశారు. మిగిలినవాళ్లు ముందే అనుకున్నామన్నారట. ఇన్నాళ్లూ నేను దాచింది ఎవరిదగ్గరో నాకే అర్థం కాలేదు.

మూడు బండలు నిన్న హిందూపురం పోయాయి. వారంలోపల నీకు చేరతాయి. వాటి మీద బొట్టు లేదు. ఇకమీదట కూడా ఉండదు. మీ వదినను పెట్టమంటే, "బొట్టెందుకు, తట్టుకుంటే తెలుస్తాది కదా" అందట. అంత చిన్న మాట ఇన్ని తరాలుగా మన ఇంట్లో ఎవరూ అనలేదు. కాబట్టి ఓవర్సియర్ ఎదుట ధైర్యంగా తట్టు. ఆయన లేకపోయినా తట్టు. పాతవి మిగిలిన నలభై అయిదు కూడా గచ్చు వేసేముందు తట్టు. నా మాటగా తట్టు.

ఒక కోరిక ఉంది. ఈ మూడూ మంటకు మంచి పొరలోనే లేచాయి, చూపుకు ఎక్కడా మచ్చ లేదు. మొదటిది ఎట్లా మోగిందని మీ వదినను అడిగితే "బాగుండాది" అని చేయి ఊపింది. రెండోది? అదీ బాగుండాది. మూడోది? అదీనూ. అంతకంటే ఆమెకు చెప్పడం రాదు. నువ్వు చిన్నప్పటినుంచీ మాటకారివి. తట్టినాక ఒక్కొక్కటి ఎట్లా మోగిందో, ఎంతసేపు మోగిందో వివరంగా రాయి. నేను చదువుకుంటాను.

పెద్దతిమ్మప్ప